థర్మోస్టాట్ మార్చాక కూలెంట్ కారుతోంది, హీట్ కూడా ఎక్కుతోంది

కాకినాడ_కారు
2013 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, లక్ష కిలోమీటర్లు దాటింది. చలికాలం నుంచి టెంపరేచర్ ముల్లు సగానికి రావడం మానేసింది, మైలేజీ తగ్గింది, చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్కాన్ చేస్తే పి0128 కోడ్ వచ్చింది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరుచుకుని ఉండిపోయిందని మా వీధి చివరి మెకానిక్ కొత్తది వేశాడు. ఆ రోజంతా బాగానే ఉంది. మర్నాడు సామర్లకోట వెళ్లొస్తుంటే ముల్లు ఒక్కసారిగా పైకి లేచి, కంగారుపడి పక్కకి ఆపేలోపే దానంతట అదే దిగింది. ఇంటికొచ్చి చూస్తే బండి కింద ఆకుపచ్చ చుక్కలు. బాటిల్‌లో మట్టం కింది గీత కంటే దిగువన ఉంది. పోస్తున్నా, తగ్గుతోంది, మళ్లీ పోస్తున్నా. మెకానిక్‌ని అడిగితే "రేడియేటర్ పోయింది సార్, కొత్తది వేద్దాం. లేదంటే థర్మోస్టాట్ పీకేద్దాం, మన ఎండలకి అదెందుకు" అంటున్నాడు. మొన్నటిదాకా చుక్క కారని రేడియేటర్ థర్మోస్టాట్ మార్చగానే ఎలా పోతుంది? ఇంట్లోవాళ్లతో అన్నవరం వెళ్లాల్సి ఉంది, టెన్షన్‌గా ఉంది.

పీకెయ్_పారెయ్
మెకానిక్ చెప్పిందే రైట్. పీకెయ్యండి. నా పాత వ్యాన్‌కి ఏళ్ల తరబడి థర్మోస్టాట్ లేదు, రెంటచింతల ఎండల్లో కూడా తిరిగింది. చలిదేశాల వాళ్లు పెట్టుకున్న సరంజామా అది.

ఓబీడీ_ఓబులేసు
పీకకముందు కొన్ని అడుగుతా, చెప్పండి. హీట్ ఎక్కేది ట్రాఫిక్‌లోనా, హైవే మీదా? ట్రాఫిక్‌లో మాత్రమే అయితే ఫ్యాన్ చూడాలి. హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే అయితే నీళ్లు సరిగ్గా తిరగడం లేదు, అంటే రేడియేటర్ మూసుకుపోవడమో, పంపో. రెండు చోట్లా ఇష్టం వచ్చినట్టు లేచి పడుతుంటే లోపల గాలి ఉంది, లేదా కూలెంట్ చాలడం లేదు. ముల్లు లేచినప్పుడు హీటర్ వేస్తే వేడి గాలి వస్తోందా? డ్యాష్‌బోర్డ్ వెనక గుడగుడ శబ్దం ఏమైనా ఉందా?

కాకినాడ_కారు
@ఓబులేసు రెండు చోట్లా లేస్తోంది, ఒక పద్ధతి లేదు. హీటర్ ఇప్పుడే వేసి చూశా, ఇంజిన్ వేడిగా ఉన్నా చల్ల గాలే వస్తోంది. గుడగుడ ఉంది, స్టార్ట్ చేయగానే ఎవరో లోపల నీళ్లు పుక్కిలించినట్టు.

ఓబీడీ_ఓబులేసు
అయితే ఎయిర్ లాక్, అంటే కూలెంట్ దారిలో గాలి ఇరుక్కుంది. నూటికి తొంభై పాళ్లు.

స్పానర్_సూరి
విజయవాడ ఆటోనగర్‌లో పని చేస్తాను, ఈ కేసు మాకు మామూలే. థర్మోస్టాట్ మార్చాలంటే కూలెంట్ దింపాలి. మళ్లీ పోసేటప్పుడు హెడ్‌లో (ఇంజిన్ సిలిండర్ల పై భాగం), హీటర్ కోర్‌లో (హీటర్‌కి వేడి ఇచ్చే చిన్న రేడియేటర్) గాలి ఉండిపోతుంది. థర్మోస్టాట్ లోపల ఉండేది మైనం. వేడికి కరిగి, ఉబ్బి, వాల్వ్‌ని తోస్తుంది. చాలా బండ్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది, ఆ అంకె దాని మీదే కొట్టి ఉంటుంది. చుట్టూ నీళ్లు ఉంటేనే ఆ లెక్క. గాలి బుడగ వచ్చి అక్కడ కూర్చుంటే మైనానికి వేడి సరిగ్గా తగలదు, ఆలస్యంగా తెరుచుకుంటుంది. అప్పటికే ముల్లు పైకెళ్లిపోయి ఉంటుంది. తెరుచుకోగానే రేడియేటర్‌లోని చల్ల నీళ్లు దూసుకొచ్చి ముల్లు దబ్బున పడుతుంది. మీరు చెప్పింది అచ్చం ఇదే.

లీకు సంగతి వేరు. దాన్ని దీంతో కలపొద్దు. ఎక్కడ చెయ్యి పెట్టారో ముందు అక్కడే చూడాలి: హౌసింగ్ ప్యాకింగ్, దానికి తగిలించిన పైపులు, క్లిప్పులు, పక్కనే ఉండే టెంపరేచర్ సెన్సర్. రేడియేటర్ ముట్టుకోవడం చివరి మాట.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం. కూలెంట్ బాగా తగ్గితే సెన్సర్ నీళ్లలో కాకుండా ఆవిరిలో తేలుతుంది. అప్పుడు ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందనే చూపిస్తుంది. ముల్లు దిగింది కదా అని ధైర్యంగా తోలి హెడ్ వంచుకున్నవాళ్లు మా షెడ్డుకి చాలామంది వస్తారు.

పీకెయ్_పారెయ్
పీకేస్తే ఎయిర్ లాకూ లేదు, మైనమూ లేదు. ఎందుకంత పురాణం?

స్పానర్_సూరి
@పీకెయ్ పాత వ్యాన్‌కి చెల్లింది. ఇప్పటి చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కి కింద ఇంకో బిళ్ల ఉంటుంది. పైది తెరుచుకునేటప్పుడు కిందిది బైపాస్ దారి మూస్తుంది. మొత్తం పీకేస్తే బైపాస్ బార్లా తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో సగం రేడియేటర్ మొహం చూడకుండా తిరిగి ఇంజిన్‌లోకే పోతాయి. ఎండాకాలం లోడు మీద అలాంటి బండి ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. చల్లబడాలని పీకితే జరిగేది అది.

ఓబీడీ_ఓబులేసు
పైగా ఆయనకి మొదట వచ్చిన పి0128 అర్థమే ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదని. పీకేస్తే అదే కోడ్ మళ్లీ వస్తుంది. డబ్బులు పెట్టి బయల్దేరిన చోటికే వచ్చినట్టు. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిల్ అయితే ఇంకా కష్టం, ఇంజిన్ వేడెక్కకపోతే డీపీఎఫ్ రీజెనరేషనే జరగదు, అంటే పొగలోని మసి పట్టే ఫిల్టర్ ఆ మసిని కాల్చుకోలేదు.

పీకెయ్_పారెయ్
నాది బీఎస్ ఏమీ లేని కాలం నాటి బండి లెండి.

నల్గొండ_నర్సన్న
ఏం నీళ్లు పోస్తున్నవ్ అన్నా రోజూ? బోరు నీళ్లయితే బంద్ చెయ్. మా దిక్కు బోరు నీళ్లు గిన్నెలకే తెల్లగ పొర కడతయ్, రేడియేటర్ ట్యూబులు ఎంత సన్నగుంటయో తెలుసు కదా. బాబాయ్ జీపు రేడియేటర్ విప్పితే లోపల సున్నం కొట్టినట్టే ఉండె. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ దొరుకుతది బ్యాటరీ షాపుల. అదొకటి డిక్కీల వేసుకో.

కాకినాడ_కారు
@నర్సన్న మొదట కూలెంటే పోశా, తర్వాత అయిపోయి ఇంట్లో ఫిల్టర్ నీళ్లు.

డాలస్_డీజిల్
ఫిల్టర్ నీళ్లు దారిలో ఆపద గట్టెక్కడానికి పర్లేదు. కానీ అలా పోస్తూ పోతే కలిపిన పాళ్లు పలచబడిపోతాయి. మన దగ్గర గడ్డకట్టే భయం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కూలెంట్‌లో గ్లైకాల్‌తో పాటు తుప్పు పట్టనివ్వని మందులు ఉంటాయి, అల్యూమినియం హెడ్‌కి అవే రక్ష. నీళ్లతో సగం సగం కలిపితే మూత లేకుండానే 107 డిగ్రీల దాకా మరగదు. ఇక్కడ మాకు అదే మిశ్రమం మైనస్ 37 దాకా గడ్డకట్టకుండా కాపాడుతుంది.

లీకు వెతకడానికి ప్రెషర్ టెస్టర్ వాడండి. చేత్తో కొట్టే చిన్న పంపు, మూత తీసి ఆ చోట బిగిస్తారు. ఇంజిన్ చల్లగా ఉండగానే మూత మీద రాసిన ప్రెషర్ దాకా కొట్టి వదిలేయండి. పంపు మీది ముల్లు దిగుతుంటే ఎక్కడో కారుతోంది, టార్చి పట్టుకుని వెతకడమే. వేడి ఇంజిన్ మీద కారిన చుక్క వెంటనే ఆవిరైపోతుంది, కనబడదు. ఇక్కడ విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కట్టించుకుని అరువిస్తారు. అక్కడ కాస్త పెద్ద గ్యారేజీలో ఉంటుంది, అడగండి.

పసుపు_పవర్
ఇంత ఖర్చెందుకు, రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వెయ్యండి. మా లారీ డ్రైవర్లందరూ చేసేదే.

స్పానర్_సూరి
వేసేవాళ్లు ఉన్నారు, నిజమే. సన్న రంధ్రం అయితే తాత్కాలికంగా ఆగుతుంది కూడా. తర్వాత ఆ ముద్దంతా హీటర్ కోర్‌లో, రేడియేటర్ అడుగున పేరుకుంటుంది. కడగమని నా దగ్గరికే తెస్తారు. నాకు బేరమే, వెయ్యండి 😀

పసుపు_పవర్
కాస్త ఉప్పు, కారం కూడా వేస్తే రోడ్డు పక్కన ఆగినప్పుడు పులుసు రెడీ.

అంబాసిడర్_తాతయ్య
మూత గురించి ఎవరూ మాట్లాడరేం? లోపల జరిగేది ప్రెషర్ కుక్కర్ వ్యవహారమే. ఒక బార్ ఒత్తిడి నిలబెడితే ఉత్త నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. మూతలో స్ప్రింగు నీరసపడినా, రబ్బరు చిట్లినా ఒత్తిడి నిలవదు, మామూలు వేడికే పొంగి బాటిల్ మీంచి పోతుంది. చూసేవాడికి అది లీకులా ఉంటుంది. మూతలోనే ఇంకో చిన్న వాల్వ్ ఉంటుంది, బండి చల్లబడినప్పుడు బాటిల్ నుంచి కూలెంట్‌ని వెనక్కి పీల్చుకోవడానికి. అది ఇరుక్కుంటే చల్లారాక పై గొట్టం చప్పిడిగా నొక్కుకుపోయి కనిపిస్తుంది. మూత ఖరీదు వందల్లోనే. అన్నిటికన్నా ముందు మార్చాల్సింది అది.

ఓబీడీ_ఓబులేసు
@తాతయ్య గారూ, చూడకుండా మార్చడం ఎందుకు? ఆ ప్రెషర్ టెస్టర్‌తోనే మూతని కూడా పరీక్ష చేయొచ్చు. వందలే అయినా ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయే పద్ధతితోనే జనం రేడియేటర్ దాకా వెళ్తారు.

అంబాసిడర్_తాతయ్య
టెస్టర్ ఉన్నవాడికి మీ పద్ధతి. లేనివాడికి నాది.

కొత్త_లైసెన్స్
నా కారు కింద కూడా నీళ్లు కారుతున్నాయి!! కూలెంటేనా? ఎడమ వైపు, ముందు సీటు కింద. రంగు లేదు.

మౌనప్రేక్షకుడు
ఏసీ నీళ్లు తమ్ముడూ. ప్రశాంతంగా పడుకో.

డాలస్_డీజిల్
కారు కింద పడితే ఏసీ నీళ్లే. కారు లోపల కార్పెట్ తడిస్తే, తీపి వాసన వస్తే, అద్దం మీద జిడ్డుగా మంచు పడితే మాత్రం హీటర్ కోర్ చూపించుకో. అన్నట్టు ఆ కూలెంట్ విషం. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి. దింపినది కాలవలో పారబోయకండి, కింద ట్రే పెట్టండి.

కాకినాడ_కారు
ఇవాళ వేరే గ్యారేజీకి తీసుకెళ్లా, ప్రెషర్ టెస్టర్ ఉన్నచోట. పంపు కొట్టగానే థర్మోస్టాట్ హౌసింగ్ అడుగు నుంచి సన్నగా ఊరింది. రేడియేటర్ పొడిగా ఉంది, మూత ప్రెషర్ నిలబెట్టింది. హౌసింగ్ విప్పారు. లోపల కొత్త రబ్బరు ప్యాకింగ్ ఉంది, దాని మీద మందంగా సిలికాన్ పేస్ట్ కూడా పూసి ఉంది. కింది బోల్టు ఎంత తిప్పినా బిగియడం లేదు, తిరుగుతూనే ఉంది. థ్రెడ్ పోయిందంటున్నారు. హెడ్ మార్చాలేమో అని ఒకాయన అన్నాడు, గుండె జారిపోయింది.

స్పానర్_సూరి
హెడ్ మార్చక్కర్లేదు, కంగారు వద్దు. అల్యూమినియంలో ఇనప బోల్టుని బలంకొద్దీ బిగిస్తే థ్రెడ్ ఊడొస్తుంది. అక్కడ ఉండేవి చిన్న బోల్టులు. 6 ఎంఎం బోల్టుకి 10 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతుంది, సరైన లెక్క మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. మన దగ్గర టార్క్ రెంచి అలమారలో ఉంటుంది, పెద్ద పానా చేతిలో ఉంటుంది. హెలికాయిల్ వేయించండి. రంధ్రం కొంచెం పెద్దది చేసి, లోపల స్టీల్ తీగచుట్ట దించి, మళ్లీ అదే సైజు బోల్టు బిగిస్తారు. లేత్ షాపులో కూడా చేస్తారు. అల్యూమినియం రజను లోపలికి పడకుండా గుడ్డ కుక్కమనండి, డ్రిల్లుకి గ్రీజు రాయమనండి.

రబ్బరు ప్యాకింగ్ ఉన్నచోట పేస్ట్ పూయకూడదు. జారుతుంది, పక్కకి పిసుక్కుపోతుంది. ఎక్కువైన పేస్ట్ లోపలివైపు ముక్కలుగా ఊడి కూలెంట్‌తో పాటు తిరుగుతుంది. పాతది మొత్తం గీకించండి, కానీ స్క్రూడ్రైవర్‌తో కాదు, గాటు పడితే ఆ గాటు గుండానే మళ్లీ కారుతుంది. హౌసింగ్ మొహం చదునుగా ఉందో లేదో గాజు పలక మీద పెట్టి చూడమనండి. వంకర ఉంటే కొత్త హౌసింగే.

ఓబీడీ_ఓబులేసు
థర్మోస్టాట్ ఏ వైపు తిరిగి ఉందో చూశారా? స్ప్రింగు, మైనం ఉన్న భాగం ఇంజిన్ వైపు ఉండాలి. చిన్న గుండీ లాంటిది కదులుతూ ఉంటే అది పైకి రావాలి, గాలి పోయే దారి అదే.

కాకినాడ_కారు
దిశ సరిగ్గానే ఉందట. గుండీ మాత్రం పక్కకి ఉంది, పైకి తిప్పారు. థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లు మరిగించి వేసి చూపించారు, బాగానే తెరుచుకుంది. నాకు అది చూడటం భలే సరదాగా అనిపించింది, మా అబ్బాయికి కూడా వీడియో తీశా.

మౌనప్రేక్షకుడు
వంటింటి గిన్నె వాడలేదు కదా? ఇంట్లో తెలిస్తే కారు కన్నా ముందు మీరు హీట్ ఎక్కుతారు.

డాలస్_డీజిల్
గుండీ లేని థర్మోస్టాట్ వస్తే అంచున సన్న రంధ్రం వేసేవాళ్లు ఉన్నారు. గాలి సులభంగా పోతుంది, నేనూ వేస్తా.

స్పానర్_సూరి
@డాలస్ అక్కడే మీకూ నాకూ పడదు. రంధ్రం గుండా కూలెంట్ ఎప్పుడూ కాస్త పోతూనే ఉంటుంది, వేడెక్కడం ఆలస్యమవుతుంది. మీ చలిలో మీకే నష్టం. కంపెనీ గుండీ పెట్టకపోతే ఎయిర్ బ్లీడ్ ఇంకోచోట ఇచ్చి ఉంటుంది, వెతకాలి.

డాలస్_డీజిల్
రెండు మిల్లీమీటర్ల రంధ్రానికి అంత నష్టమేం ఉండదు. నా హీటర్ జనవరిలో కూడా చెమట పట్టిస్తుంది. సరే, మీ షెడ్డు, మీ రూలు.

కాకినాడ_కారు
రేపు హెలికాయిల్ పడుతుంది. గాలి తీయడం ఎలా? ఈసారి దగ్గర నిలబడి చూడాలనుకుంటున్నా.

స్పానర్_సూరి
ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా ర్యాంపు మీదో, వాలు మీదో పెట్టించండి, గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి పోసే చోటు అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి. హీటర్ కంట్రోల్ ఫుల్ హాట్‌లో పెట్టాలి. కొన్ని బండ్లలో అప్పుడే హీటర్ కోర్‌లోకి నీళ్లు పోతాయి. హీటర్ పైపు మీదో, హౌసింగ్ మీదో బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగి ఏకధారగా కూలెంట్ వచ్చేదాకా నిదానంగా పోయాలి. గబగబా పోస్తే గాలి లోపల చిక్కుకుంటుంది. తర్వాత స్క్రూ బిగించి, మూత తెరిచే ఉంచి స్టార్ట్ చేయాలి. పై గొట్టాన్ని చేత్తో నొక్కి వదులుతూ ఉంటే బుడగలు బుడుంగు బుడుంగుమని వస్తాయి, మట్టం పడుతుంది, మళ్లీ పోయాలి. ఇదంతా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని కాబట్టి మూత తెరిచి ఉండొచ్చు. వేడెక్కి పొంగేలా ఉంటే మూత పెట్టేయాలి. వేడి బండి మూత మాత్రం ఎవరు చెప్పినా తీయొద్దు.

కింది గొట్టం వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకుంది. అక్కడితో ఆపొద్దు, ఫ్యాన్ తిరిగి, ఆగి, మళ్లీ తిరిగేదాకా చూడాలి. హీటర్‌లో గట్టిగా వేడి గాలి రావాలి. అది రాకపోతే గాలి ఇంకా ఉన్నట్టే. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మట్టం కాస్త తగ్గి ఉంటుంది, అది లీకు కాదు, మిగిలిన గాలి బయటికి పోయింది. నింపండి. ఆ తర్వాత కూడా తగ్గుతుంటే అప్పుడు మాట్లాడుకుందాం.

ఓబీడీ_ఓబులేసు
స్టార్ట్ చేసేముందు సెన్సర్ కనెక్టర్ తిరిగి పెట్టారో లేదో చూడమనండి. హౌసింగ్ దగ్గరే ఉంటుంది, మర్చిపోతుంటారు. ఫ్యాన్ పని చేస్తోందో లేదో తేలిగ్గా తెలియాలంటే ఏసీ వేయండి, చాలా బండ్లలో ఏసీతో పాటే తిరుగుతుంది. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు.

నల్గొండ_నర్సన్న
రంగు చూసి కూలెంట్ కొనకు అన్నా. ఆకుపచ్చ, ఎరుపు, నీలం ఏ కంపెనీ ఇష్టం దానిది. డబ్బా మీద రకం చూడు, మాన్యువల్‌ల ఏది రాస్తే అదే. రెండు రకాలు కలిస్తే ఒక్కోసారి జిగురు జిగురు అయితది.

కాకినాడ_కారు
హెలికాయిల్ వేశారు, కొత్త ప్యాకింగ్, పేస్ట్ లేదు. పాత కూలెంట్ మొత్తం దింపి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మాన్యువల్‌లో ఉన్న రకమే పోశారు. గాలి తీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది, ఎన్ని బుడగలు వచ్చాయో. హీటర్ ఇప్పుడు మే నెలలా కొడుతోంది. మళ్లీ ప్రెషర్ పెట్టి చూపించారు, ముల్లు కదల్లేదు. పిఠాపురం దాకా ఏసీతో వెళ్లొచ్చా, టెంపరేచర్ సగం దగ్గర అతికించినట్టు నిలబడింది. కింద అట్టముక్క పరిచి ఉంచా, తడి లేదు.

పీకెయ్_పారెయ్
అయితే రేడియేటర్ డబ్బులు మిగిలాయి. పార్టీ ఎప్పుడు?

అంబాసిడర్_తాతయ్య
కొండ ఎక్కేముందు మట్టం ఒకసారి చూసుకోండి నాయనా. దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టి, బ్లోయర్ గట్టిగా తిప్పి పక్కకి ఆపండి. ఇంజిన్ మీద చల్ల నీళ్లు గుమ్మరించేవాళ్లు ప్రతి ఘాట్‌లోనూ కనిపిస్తారు, మీరు ఆ పని చేయకండి, హెడ్ పగులుతుంది.

మాచర్ల_మైలేజ్
ఈ థ్రెడ్ మొత్తం చదివా. నాదీ ఇలాంటిదే కానీ తేడా ఉంది. పెట్రోల్ బండి, థర్మోస్టాట్ మార్చాక ఎన్నిసార్లు గాలి తీసినా బుడగలు ఆగడం లేదు. బయట ఎక్కడా లీకు లేదు, అయినా కూలెంట్ తగ్గుతోంది. పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటికే, ఇంకా వేడెక్కకుండానే, పై గొట్టం రాయిలా గట్టిపడుతోంది.

స్పానర్_సూరి
@మాచర్ల థర్మోస్టాట్ మార్చడానికి ముందు బండి బాగా హీట్ ఎక్కిందా? సైలెన్సర్‌లో తెల్ల పొగ ఉందా, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా? ఆయిల్ మూత కింద మీగడలా ఏమైనా ఉందా?

మాచర్ల_మైలేజ్
హీట్ ఎక్కింది, అందుకే మార్పించా. శ్రీశైలం ఘాట్‌లో. తెల్ల పొగ పొద్దున పూట ఎక్కువ, తర్వాత కొంచెం. ఆయిల్ మామూలుగానే ఉంది.

ఓబీడీ_ఓబులేసు
హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య ప్యాకింగ్) అనుమానించాలి. ఆయిల్ బాగుందని ధీమా వద్దు, సిలిండర్‌కీ నీటి దారికీ మధ్య చిట్లితే ఆయిల్‌లో ఏమీ కనబడదు. బ్లాక్ టెస్ట్ చేయించండి. నీలం ద్రవం ఉన్న గొట్టాన్ని కూలెంట్ మూత దగ్గర పెడతారు, ఇంజిన్ పొగ అందులోకి వస్తుంటే నీలం పసుపు అవుతుంది.

పసుపు_పవర్
నా పేరు తలుచుకున్నారా?

మాచర్ల_మైలేజ్
ఆ టెస్టర్ మా దగ్గర ఎవరికీ లేదు. గుంటూరు తీసుకెళ్లాలి. మట్టం చూసుకుంటూ, ఆగుతూ ఆగుతూ నడుపుకుంటూ వెళ్లిపోవచ్చా?

స్పానర్_సూరి
వద్దు. గ్యాస్కెట్ ఒక్కటే పోయి ఉంటే ఇప్పుడు చిన్న ఖర్చు, ఆ దూరం తోలితే హెడ్ కూడా వంగుతుంది. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో కాగితం తీసి చూడండి, ఉంటే టోయింగ్ వాళ్లే పంపుతారు. బండి నంబర్ ఇక్కడ పెట్టకండి, ఇంజిన్ ఏదో చెప్పండి చాలు.

మాచర్ల_మైలేజ్
కాగితం డ్యాష్‌బోర్డ్‌లో ఉంది, చూసి చెప్తా. 1.2 పెట్రోల్, నాలుగు సిలిండర్లు.